బడిని నడిపేదెవరు? మన ప్రాంత పాఠశాలల పాలకవర్గాల కథ

 

ఈ సంచికలో మాస్టార్ల గురించి, ఆటస్థలం గురించి, పదో తరగతి వీడ్కోలు ఫోటోల గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ పని వాళ్లు నాకంటే బాగా చేస్తారు. ఇంజనీరును కాబట్టి భవనాల గురించి రాస్తానని సంఘం పెద్దలు అనుకున్నారు. నేను మాత్రం భవనం కంటే పాతదీ, కంటికి కనిపించనిదీ అయిన సంగతి ఒకటి ఎంచుకున్నాను. మనలాంటి బడిని నడిపేదెవరు? వాళ్లు సరిగా నడుపుతున్నారో లేదో చూసేదెవరు? ఈ రెండు ప్రశ్నలకు మన తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో రెండు వందల ఏళ్లుగా వచ్చిన జవాబులు చెప్పాలని ఈ ప్రయత్నం.

ఇది కేవలం చరిత్ర మీద మోజుతో ఎత్తుకున్న విషయం కాదు. మనది ఎయిడెడ్ బడి. ప్రభుత్వ జీతం తీసుకునే మాస్టార్లు ఒక్కొక్కరే రిటైరవుతున్నారు, వారి స్థానంలో కొత్తవారు రావడం లేదు. పడమటి వైపు పాత గదుల పైకప్పు బాగుచేయిద్దామని మన సంఘం ముందుకొచ్చినప్పుడు, సంతకం పెట్టాల్సింది వాళ్లంటే వాళ్లని కాగితం రెండు చోట్లకీ తిరిగింది. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందనే సామెత మన బడికి వర్తించకూడదంటే, ఏ బాధ్యత ఎవరిదో ముందు మనకు తెలియాలి.

వీధిబడి నుంచి గ్రాంటు దాకా

తిరుమలలో మన్రో గంగాళం పేరు వినని వాళ్లు మన ప్రాంతంలో ఉండరు. ఆ మన్రోయే, సర్ థామస్ మన్రో, మద్రాసు గవర్నరుగా ఉండగా 1822లో కలెక్టర్లందరినీ తమ జిల్లాల్లోని బడుల లెక్క పంపమన్నాడు. ప్రెసిడెన్సీ మొత్తానికి తేలిన లెక్క 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు. అప్పటి జనాభా ఒక కోటి 28 లక్షల పైచిలుకు.

ఆ వీధిబడులకు కమిటీ లేదు, ఇన్‌స్పెక్టరు లేడు. అయ్యవారు ఊరికి జవాబుదారు. చదువు వస్తే తల్లిదండ్రులు నెలకింత ఇచ్చేవారు, పంటకు గింజలు పెట్టేవారు, దసరాకు పిల్లలతో ఇల్లిల్లూ తిరిగినప్పుడు కానుక ఇచ్చేవారు. చదువు రాకపోతే పిల్లవాణ్ణి మాన్పించేవారు. తనిఖీ ఏదైనా ఉందంటే అదే. అయితే ఆ తనిఖీ చేసే శక్తి గింజలు పెట్టగలిగిన ఇళ్లకే ఉండేది. మిగిలిన పిల్లలు బడి గడపే తొక్కలేదు.

1854లో వచ్చిన వుడ్ విద్యా నివేదిక ఈ పద్ధతిని మార్చింది. ప్రైవేటువారు నడిపే బడికి సర్కారు డబ్బు ఇవ్వవచ్చని, అయితే కొన్ని షరతులు ఉండాలని అది చెప్పింది. బడికి స్థానికంగా బాధ్యత వహించే యాజమాన్యం ఉండాలి. ప్రభుత్వ ఇన్‌స్పెక్టరు ఎప్పుడు వచ్చినా చూడనివ్వాలి. పిల్లల దగ్గర కొద్దిగానైనా ఫీజు తీసుకోవాలి. ఈనాటి ఎయిడెడ్ బడికి మూలం ఇక్కడే ఉంది. డబ్బు సర్కారుది, నడిపేది ప్రైవేటు కమిటీ, చూసేది ఇన్‌స్పెక్టరు. ఈ మూడు కాళ్ల పీట ఆనాటి నుంచి ఈనాటి దాకా ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి అవుతూ వచ్చిందే తప్ప, మూడు కాళ్లూ మాత్రం అవే.

మఠం, మిషన్, బోర్డు

మన ప్రాంతంలో బడులు పెట్టినవారు ప్రధానంగా మూడు రకాలు.

మొదటిది మఠం. ఈస్టిండియా కంపెనీ 1843లో తిరుమల ఆలయాల నిర్వహణ నుంచి తప్పుకుని హథీరాంజీ మఠం మహంతులకు అప్పగించింది. 1933 దాకా, అంటే 90 ఏళ్లు, మహంతులే విచారణకర్తలు. తిరుపతిలో ఆంగ్ల విద్యకు హైస్కూలు ఏర్పడింది వారి కాలంలోనే. ఆ రోజుల్లో బడి మంచిచెడ్డలు ఒక్క మహంతు మనసు మీద ఆధారపడేవి. 1932లో మద్రాసు శాసనసభ చేసిన చట్టంతో తిరుమల తిరుపతి దేవస్థానాల కమిటీ ఏర్పడింది. నిర్ణయాలు ఒక వ్యక్తి చేతిలోంచి కమిటీ చేతికి, కమిషనర్ చేతికి వచ్చాయి. ఆ తర్వాత 1943లో బాలమందిర్, 1945లో శ్రీవేంకటేశ్వర ఆర్ట్స్ కళాశాల, 1952లో పద్మావతి మహిళా కళాశాల దేవస్థానం నిధులతోనే వెలిశాయి. నేటికీ దేవస్థానం బడులకు పెద్ద ట్రస్టు బోర్డే. బోర్డును నియమించేది రాష్ట్ర ప్రభుత్వం. రోజువారీ వ్యవహారం చూసేది దేవస్థానం విద్యాధికారి. కానీ పదో తరగతి పరీక్ష పెట్టేదీ, గుర్తింపు ఇచ్చేదీ రాష్ట్ర విద్యాశాఖ. మన చిన్నప్పుడు తిరుపతిలో ‘డీఈఓ ఆఫీసు’ అంటే దేవస్థానం డీఈఓనా, చిత్తూరు డీఈఓనా అని ఎదురు అడగాల్సి వచ్చేది. ఒకే బడికి ఇద్దరు డీఈఓలు ఉండటంలోనే మన పాలన పద్ధతి అంతా ఉంది.

రెండోది మిషన్. చిత్తూరు, మదనపల్లె, పలమనేరు వైపు అమెరికన్ ఆర్కాటు మిషన్ పనిచేసింది. తిరుపతిలో జర్మనీకి చెందిన హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషన్ బడి నడిపింది. తర్వాత రాష్ట్రపతి అయిన సర్వేపల్లి రాధాకృష్ణన్ చిన్నతనంలో చదివింది ఆ బడిలోనే. ఇలాంటి బడుల పెద్దలు సముద్రాల అవతల ఉండేవారు. కాబట్టి ఇక్కడ స్థానిక మేనేజర్ ఒకరు ఉండాలన్న గ్రాంటు షరతుకు చాలా విలువ ఉండేది. ‘మేనేజర్’, ‘కరస్పాండెంట్’ అనే మాటలు మన బడుల్లో స్థిరపడటం వెనుక ఉన్నది ఇదే. సర్కారుతో ఉత్తరప్రత్యుత్తరాలు నడిపేవాడు కాబట్టి కరస్పాండెంట్ అయ్యాడు.

మూడోది బోర్డు. 1884, 1920 స్థానిక సంస్థల చట్టాలతో జిల్లా బోర్డులకు, తాలూకా బోర్డులకు బడులు వచ్చాయి. చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న ఏర్పడింది, దానితోపాటు జిల్లా బోర్డూ వచ్చింది. తాలూకా బోర్డులు 1934లో పోయాయి. 1959 చట్టంతో జిల్లా బోర్డు స్థానంలో జిల్లా పరిషత్తు, ఊరి బడులకు పంచాయతీ సమితి వచ్చాయి. 1986లో సమితి పోయి మండలం వచ్చింది. గోడ మీద పేరు మారిన ప్రతిసారీ యజమాని మారాడు. పాఠం చెప్పే అయ్యవారు మాత్రం అదే కుర్చీలో కూర్చున్నాడు.

మదనపల్లె ముచ్చట

సర్కారు పర్యవేక్షణ అంటే చదువు బాగోగులు చూడటమేనా, యాజమాన్యం నోరు కట్టడం కూడానా? ఈ ప్రశ్న మన జిల్లాలోనే బలంగా వచ్చింది. 1915లో మదనపల్లెలో అనీబిసెంట్ పేరిట దివ్యజ్ఞాన కళాశాల మొదలైంది. రెండేళ్లకే హోం రూల్ ఉద్యమం వేడెక్కింది. 1917లో బిసెంట్‌ను సర్కారు ఊటీలో నిర్బంధించింది. విద్యార్థులు రాజకీయాల్లోకి పోతున్నారని కళాశాల మీద కన్ను పడింది. మద్రాసు విశ్వవిద్యాలయం అనుబంధం పోయింది. కళాశాల తలుపులు మూయలేదు. బిసెంట్ నెలకొల్పిన జాతీయ విద్యా వ్యవస్థ కింద నడిపారు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూర్ అక్కడికి వచ్చి ‘జనగణమన’కు ఆంగ్ల రూపం ఇచ్చినప్పుడు ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్. ఆ తర్వాత అనుబంధం తిరిగి వచ్చింది.

టాగూర్ వచ్చిన సంగతి మనందరికీ తెలుసు. అనుబంధం పోయిన సంగతి తక్కువ మందికి తెలుసు. నా దృష్టిలో రెండోదే పెద్ద పాఠం. గుర్తింపు ఇచ్చే చేతికి గుర్తింపు తీసేసే శక్తి కూడా ఉంటుంది. ఆ చేతిని చట్టం కట్టి ఉంచకపోతే అది చదువు కోసమే వాడతారన్న భరోసా లేదు. స్వతంత్రం వచ్చాక రాజ్యాంగం 30వ అధికరణంలో అల్పసంఖ్యాక వర్గాలకు విద్యాసంస్థలు పెట్టి నడుపుకునే హక్కు ఇచ్చింది. 1958లో కేరళ విద్యా బిల్లు విషయంలో సుప్రీంకోర్టు రెండో వైపు కూడా చూపించింది. నడిపే హక్కు ఉందంటే పాడుచేసే హక్కు ఉన్నట్టు కాదని తేల్చింది. అప్పటి నుంచి మన చట్టాలన్నీ ఈ రెండు గట్ల మధ్యే నడిచాయి.

1982 చట్టం

నేను బడిలో ఉన్న రోజుల్లోనే ఆంధ్రప్రదేశ్ విద్యా చట్టం, 1982 వచ్చింది. అంతకుముందు ఎక్కడెక్కడో ఉన్న నియమాలను ఒక చోటికి తెచ్చిన చట్టం ఇది. ప్రైవేటు బడుల మట్టుకు దాని సారం ఇది.

బడి పెట్టాలంటే ముందు అనుమతి కావాలి, ఆ తర్వాత గుర్తింపు కావాలి. సొసైటీ గానీ ట్రస్టు గానీ బడిని స్థాపించవచ్చు కానీ, దాన్ని నడిపేందుకు ఒక పాలకవర్గం, ప్రభుత్వానికి జవాబు చెప్పేందుకు ఒక బాధ్యుడు ఉండాలి. లెక్కలు రాయాలి, ఆడిట్ చేయించాలి, తనిఖీకి చూపాలి. బడి ఆస్తిని అనుమతి లేకుండా అమ్మడం, తాకట్టు పెట్టడం కుదరదు. నియమాలు తప్పితే గ్రాంటు ఆపవచ్చు, తగ్గించవచ్చు, తీసేయవచ్చు. 79వ సెక్షన్ ప్రకారం విచారణ జరపకుండా, అధికారి ముందస్తు ఆమోదం లేకుండా మాస్టారును ఉద్యోగం నుంచి తీసేయడానికి వీల్లేదు. కరస్పాండెంటుకు కోపం వస్తే మర్నాడు మాస్టారు వీధిలో ఉండే రోజులు చూసిన పెద్దలకు ఈ ఒక్క సెక్షన్ విలువ తెలుసు.

1994 జనవరి 1న వచ్చిన జీవో నంబర్ 1 ఈ చట్టానికి చేయీ కాలూ ఇచ్చింది. ప్రైవేటు బడుల స్థాపన, గుర్తింపు, పాలన, నియంత్రణ నియమాలన్నీ అందులో ఉన్నాయి. పాలకవర్గంలో ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు చోటు ఉండాలన్న ఆలోచన అందులోనిదే. వచ్చిన ఫీజులో సగం సిబ్బంది జీతాలకే పోవాలన్న లెక్కా అందులోనిదే. ఎన్ని బడులు దాన్ని పాటించాయంటే, ఈ సంచిక చదివే ఉపాధ్యాయ మిత్రులకు నేను చెప్పనక్కరలేదు.

మా పనిలో ఎం-బుక్ అని ఒకటి ఉంటుంది. కట్టిన గోడ కొలతలు అందులో ఒకరు రాస్తారు, ఆ కొలతలను పైఅధికారి మళ్లీ సైటుకు వచ్చి సరిచూస్తాడు. కాంట్రాక్టరే కొలిచి, కాంట్రాక్టరే సరిచూసి, బిల్లు పెట్టుకుంటే ఆ పుస్తకం ఉన్నా లేనట్టే. అధికారి ఆఫీసులో కూర్చుని సంతకం పెట్టినా అంతే. బడి పాలనలో కూడా రోగం ఈ రెండు చోట్లే పుడుతుంది. పాలకవర్గం ఒక కుటుంబం చేతిలో ఉండిపోవడం ఒకటి. తనిఖీ కాగితం మీద జరిగిపోవడం రెండోది. ఏడాదికోసారి ఇన్‌స్పెక్షన్ వస్తుందంటే గోడలకు సున్నం, నోటుబుక్కుల్లో ఎర్ర సిరా, ల్యాబులో తుడిచిన సీసాలు మనందరికీ గుర్తే. ఆ ఒక్కరోజు భయం కూడా బడికి మేలే చేసిందని ఇప్పుడు అనిపిస్తుంది.

గ్రాంటు ఎండిపోయిన కథ

1988లో వచ్చిన గ్రాంటు నియంత్రణ చట్టంతో 1985 తర్వాత పుట్టిన ప్రైవేటు బడులకు గ్రాంటు తలుపు మూసుకుంది. పాత బడులకు ఉన్నది ఉంది, కానీ ఖాళీ అయిన పోస్టులు నింపడం క్రమంగా ఆగిపోయింది. గ్రాంటు లేని బడులు ఫీజుల మీద పెరిగాయి. గ్రాంటు ఉన్న బడులు ఫీజు పెంచలేక, మాస్టార్లు రాక నడిమధ్యన నిలబడ్డాయి. మన బడి అలా నిలబడ్డ వాటిలో ఒకటి.

2021లో ప్రభుత్వం విద్యా చట్టాన్ని సవరించి, ఎయిడెడ్ సంస్థల ముందు దారులు పెట్టింది. ఆస్తులతో సహా సంస్థను ప్రభుత్వానికి అప్పగించడం, లేదా ఎయిడెడ్ సిబ్బందిని మాత్రం అప్పగించి సొంతంగా ప్రైవేటు బడిగా నడుపుకోవడం. రాష్ట్రమంతా విద్యార్థులు, తల్లిదండ్రులు రోడ్డెక్కారు. కొన్ని సంస్థలు హైకోర్టుకు వెళ్లాయి. నవంబర్‌లో ప్రభుత్వం ఎయిడెడ్‌గానే కొనసాగవచ్చని, ఇచ్చిన అంగీకారాన్ని వెనక్కి తీసుకోవచ్చని కూడా వెసులుబాటు ఇచ్చింది.

ఆ నెలల్లో ఒక విషయం తేటతెల్లమైంది. దాతలు దశాబ్దాల కిందట ఇచ్చిన స్థలం, కట్టించిన గదులు ఎవరివి అన్న ప్రశ్నకు చాలా ఊళ్లలో వెంటనే కాగితం చూపగలిగినవారు లేరు. ఒప్పుకోవాలా వద్దా అని నిర్ణయించే అధికారం ఎవరికి ఉందో కూడా చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. ఆ అధికారం పాలకవర్గానిది. పాలకవర్గంలో ఎవరున్నారంటే మాత్రం తెల్లముఖాలే.

తల్లిదండ్రుల కమిటీలు

సర్కారు బడుల్లో వేరే ప్రయోగం జరిగింది. 1998లో సమాజ భాగస్వామ్య చట్టంతో పాఠశాల విద్యా కమిటీలు వచ్చాయి. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యా హక్కు చట్టం 21వ సెక్షన్ ప్రతి బడికి యాజమాన్య కమిటీ ఉండాలంది. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, మొత్తంలో సగం మంది మహిళలు. గ్రాంటు లేని ప్రైవేటు బడులకు ఇది వర్తించదు. 2012 సవరణతో ఎయిడెడ్ బడుల్లో ఈ కమిటీది సలహా చెప్పే పాత్ర మాత్రమే అయింది. అంటే మన బడిలో తల్లిదండ్రులు మాట చెప్పవచ్చు, నిర్ణయం చేయలేరు.

2019లో తల్లిదండ్రుల కమిటీలకు ఎన్నికలు జరిగి, ఆ కమిటీల ద్వారానే నాడు-నేడు పనులు నడిచాయి. మొదటి విడతలో 15,715 బడులు. ఇసుక, సిమెంటు లెక్క తల్లుల చేతికి రావడం ఒక ఇంజనీరుగా నాకు ఆసక్తి కలిగించింది. సాంకేతికంగా లోపాలు ఉండొచ్చు. కానీ తన పిల్ల కూర్చునే గది పైకప్పు అయితే తల్లి బస్తాలు లెక్కపెట్టి మరీ దింపించుకుంటుంది. అదే ఏడాది ప్రైవేటు బడుల ఫీజులు, ప్రమాణాలు చూడటానికి విశ్రాంత హైకోర్టు న్యాయమూర్తి అధ్యక్షుడుగా పాఠశాల విద్యా నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్ చట్టం కూడా వచ్చింది.

అమెరికా మిత్రుల చార్టర్ బడి

అమెరికాలో ఉన్న మన బ్యాచీల మిత్రులు కొందరు తమ పిల్లలు ‘చార్టర్ స్కూల్’లో చదువుతున్నారని చెబుతుంటారు. పేరు కొత్తదే కానీ మూడు కాళ్ల పీట అక్కడా ఉంది. 1991లో మిన్నెసోటా రాష్ట్రం మొదట ఈ చట్టం చేసింది, 1992లో సెయింట్ పాల్ నగరంలో తొలి బడి తెరిచారు. డబ్బు ప్రజలది, ఫీజు లేదు, నడిపేది స్వతంత్ర బోర్డు.

తేడాలు మూడు. మనకు గ్రాంటు పోస్టు లెక్కన వస్తుంది, వాళ్లకు పిల్లల తల లెక్కన. మన గుర్తింపు ఎవరూ కదిలించనంత వరకు సాగిపోతుంది, వాళ్లది గడువున్న ఒప్పందం. గడువు తీరేసరికి ఫలితాలు, లెక్కలు చూపలేకపోతే అనుమతి ఇచ్చిన సంస్థ ఒప్పందం పొడిగించదు, బడి మూతపడుతుంది. మూడోది, బోర్డు సమావేశాలు సాధారణంగా బహిరంగంగా జరగాలి. ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. మిన్నెసోటాలో బోర్డు మీద ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు, స్థానికులు తప్పకుండా ఉండాలి.

అక్కడ అంతా బంగారమని నేననడం లేదు. ఏటా మూతపడే బడులున్నాయి, లెక్కలు తారుమారైన బోర్డులున్నాయి. ఒప్పందం తెగితే నష్టపోయేది నడిబడిలో ఉన్న పిల్లవాడే. మన ఎయిడెడ్ బడి ఆ విషయంలో దయగలది, పిల్లల్ని వీధిన పడేయదు. అయితే మెల్లగా, చప్పుడు లేకుండా ఎండిపోతుంది. తలుపులు తెరిచి సమావేశం పెట్టే అలవాటు మాత్రం మనం తెచ్చుకోదగిందే. దానికి కొత్త చట్టం అక్కరలేదు.

మనం చేయగలిగింది

ఈ చరిత్ర చదివాక నాకు తోచిన నాలుగు మాటలు సంఘం ముందు పెడుతున్నాను.

ఒకటి, బడి స్థలం సర్వే నంబరు, దానపత్రాలు, భవనాల ప్లాన్లు, గుర్తింపు ఉత్తర్వులు ఒకచోట చేర్చి, ఒక నకలు సంఘం దగ్గర భద్రపరచాలి. పాతబ్యాచీల్లో రెవెన్యూలో పనిచేసి రిటైరైన పెద్దలున్నారు. వారి సహాయం ఉంటే ఇది ఏడాది పని.

రెండు, పాలకవర్గ సభ్యుల పేర్లు, ఏడాది జమాఖర్చు నోటీసు బోర్డు మీద పెట్టమని యాజమాన్యాన్ని మర్యాదగా కోరాలి. మన సంఘం కూడా సొసైటీయే కాబట్టి, మన లెక్కలు ముందు మనం పెడదాం.

మూడు, ఇకమీదట సంఘం ఇచ్చే విరాళం చేతికి కాకుండా రాతపూర్వక ఒప్పందం మీద, పని పేరు చెప్పి, కొలతలు రాసి ఇవ్వాలి. పైకప్పు నివేదిక నేను తయారుచేసి ఉంచాను. ఫీజు అక్కరలేదు.

నాలుగు, బడిని స్థాపించిన సొసైటీ నియమావళిని సవరించి, పాలకవర్గంలో ఒక పూర్వ విద్యార్థికి, ఒక తల్లికి ఓటుతో కూడిన చోటు ఇవ్వమని అడగాలి. ఇది యాజమాన్యంతో తగవు కాదు. గ్రాంటు లేని రోజుల్లో బడిని లాక్కొచ్చింది వాళ్లే. ఆ బరువు మోయడానికి మరో రెండు భుజాలు ఇస్తామంటున్నాం.

మిగిలిన ఎయిడెడ్ మాస్టార్లు కూడా రిటైరయ్యాక బడి పీటకు సర్కారు కాలు దాదాపు ఉండదు. అప్పుడు యాజమాన్యం ఒక్కటే మిగలాలా, ఊరూ పూర్వ విద్యార్థులూ కలిసి ఇంకో కాలు వేయాలా అన్నది మనం తేల్చుకోవలసిన విషయం. రాబోయే సర్వసభ్య సమావేశంలో దీన్ని చర్చాంశంగా పెట్టమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. ఉపాధ్యాయులు కూడా ఆ రోజు వచ్చి, లోపలి కష్టం మాకు చెప్పాలి. సంవత్సరాల తరబడి ఆ గదుల్లో నిలబడ్డవారికి తెలిసినంత మాకు తెలియదు.